చివరి పేజీ కోసిందెవరు?

"నేనే సార్! నేనే చించాను!"

మాస్టారు అటు తిరిగేలోపే ఇటు పక్కనుంచి ఇంకో చెయ్యి లేచింది.

"వాడివన్నీ కోతలు సార్. చించింది నేను. మొదట నాకు ఆకలేసింది. తర్వాత పేజీ చించాను. చివరికి తినేశాను."

"కాగితం తిన్నావా?"

"తిన్నాను సార్. చప్పగా ఉంది."

తరగతి గొల్లుమంది. వెనక బెంచీలోంచి బుగ్గల పిల్ల లేచి, ఆ పేజీతో పడవ చేసి కాలవలో వదిలేశానని ఏడుపు గొంతుతో చెప్పింది. ఏడుపు భలే కుదిరిందని పక్కపిల్ల మెచ్చుకుంది. కిటికీ పక్కన కూచునే వాడికి తోటిపిల్లలు వకీలని పేరు పెట్టారు. వాడు చెయ్యి ఎత్తకుండానే నిలబడ్డాడు.

"సార్, ఒక్క పేజీని ఇంతమంది ఎలా చించుతారు? వీళ్ళందరూ అబద్ధం. నేనొక్కణ్ణే నిజం."

మాస్టారు తల గోక్కున్నారు. సుద్దపొడి అంటి, చెవి మీద జుట్టు ఇంకాస్త తెల్లబడింది. సన్నటి మనిషి. భుజాల దగ్గర జారే చొక్కా, జేబులో దువ్వెన, ముక్కు కొసకి దిగిన కళ్ళజోడు. గొంతు ఎప్పుడూ పెద్దగా లేవదు. ఆయన తుమ్మినా పక్క తరగతి వాళ్ళకి వినిపించదని బళ్ళో ఒక హాస్యం ఉంది. ఆ గొంతుతోనే "ఆగండి, ఆగండి" అంటున్నారు. ఎవరూ ఆగడం లేదు.

బల్ల మీద బొమ్మల పుస్తకం తెరిచి ఉంది. తరగతి మొత్తానికి కనబడాలని చేసిన పుస్తకం, చేటంత పెద్దది. దాన్లో నల్లమేక మెడలో గంట పోతుంది. గంట ఎవరు తీశారని మేక ఊరంతా తిరిగి అడుగుతుంది. వారమంతా రోజుకి కొంచెం చొప్పున చదివి, ఆ దొంగెవరో ఈరోజు తేల్చాలి. పొద్దున పుస్తకం తెరిస్తే చివరి పేజీ లేదు.

"ఏంటి మాస్టారూ ఇది?" గుమ్మంలోంచి పెద్ద టీచర్ గొంతు వినబడింది. బడి మొత్తం ఆవిడ చేతిలో ఉంటుంది, ఆవిడ చేతిలో ఎప్పుడూ తాళాలగుత్తి ఉంటుంది. "దొంగని పట్టుకోమంటే నాటకం ఆడిస్తున్నారా?"

తప్పు పిల్లలది కాదు. ఈ వారం మూడో తరగతి భాష పాఠమే అది. జరిగినదాన్ని వరసలో చెప్పడం: మొదట, తర్వాత, చివరికి. దాంతోపాటు, కథలో మనిషి లోపలికి దూరి 'నేను' అంటూ చెప్పడం. సోమవారంనుంచీ మాస్టారు వాళ్ళ వెంటపడి మరీ నేర్పారు. నువ్వే మేకవి, ఏం చేశావు? నువ్వే కాకివి, గంట చూశావా? ఇవాళ పొద్దున్నే వచ్చి పేజీ ఎవరు చించారని అడిగితే, ఇదీ పాఠమే అనుకున్నారు. మాస్టారు అడిగితే చెప్పకుండా ఉండే పిల్లలు కారు వాళ్ళు.

పెద్ద టీచర్ నిట్టూర్చి, మూడో వరస చివర చూపు ఆపింది.

"నువ్వేమంటావ్?"

ఆ పిల్లని అందరూ పిడుగు అంటారు. ముందుపళ్ళ మధ్య సందు, మోకాలి మీద మానుతున్న దెబ్బ, ఊడిన జడ. పిడుగు కూచునే చెప్పింది.

"నేను కాదు."

"చూశారా మాస్టారూ? తప్పు చెయ్యనివాళ్ళకి భయం లేదు, నేనే నేనే అంటున్నారు. కాదు అంటున్నది ఇదొక్కత్తే."

"నిజం చెప్తే కూడా తప్పేనా పెద్ద టీచర్?" పిడుగు లేచింది. "కథ చెప్పమంటే నేనూ చెప్తా. వీళ్ళకంటే బాగా చెప్తా. మీరు నిజం అడిగారనుకున్నా."

పెద్ద టీచర్ మొహం బిగుసుకుంది. పోయిన నెల ఈ పిల్లే ఆఫీసుగది పరదా కత్తిరించి వీపుకి కట్టుకుని మెట్లమీంచి దూకింది. ఆరోజు వాళ్ళ నాన్నమ్మ వచ్చి గడ్డం పట్టుకుని బతిమాలితే, ఇంకొక్కటి పాడుచేస్తే బళ్ళో ఉంచేది లేదని చెప్పి వదిలేసింది. ఇంకో బడి ఉంది కానీ అది లారీలు తిరిగే రోడ్డుకి అవతల. తండ్రి సరుకుల బండి తోలుతూ వారాల తరబడి ఇంటికి రాడు. నాన్నమ్మకి చూపు ఆనదు. ఈ బడి కాదంటే ఆ పిల్ల ఇంట్లో కూచోవడమే.

"మధ్యాహ్నం వాళ్ళ నాన్నమ్మని రమ్మంటాను. ఈలోపు వేరే ఎవరైనా అని మీరు తేల్చితే సరే. లేదంటే పంపించేస్తాను. మాటంటే మాటే." వెళ్ళబోతూ ఆగింది. "ఇంతకీ ముగింపు చెప్పేయండి, గోల తగ్గుతుంది. పేజీ లేకపోతేనేం, ఇన్నేళ్ళనుంచి చెప్తున్న కథేగా?"

అవును. ఆయనకి మీసాలు నల్లగా ఉన్నప్పటినుంచి చెప్తున్న కథే.

మాస్టారు బల్ల ముందుకి వచ్చారు. "మేక కాకిని అడిగింది. కాకి కాదంది. బావి దగ్గర ముసలమ్మని అడిగింది. ముసలమ్మ కాదంది. బుట్టలు అల్లే ఆయన్ని అడిగింది. ఆయనా కాదన్నాడు. అప్పుడు..."

పిల్లలు మెడలు సాచారు.

"అప్పుడు..."

నోరు తెరిచే ఉంది. మాట రాలేదు. తలుపవతల మనిషి నిలబడ్డాడని తెలుస్తున్నా మొహం కనబడనట్టు, ముగింపు అక్కడే ఎక్కడో ఉంది. కాకేనా? కాకి కాదంది కదా. అసలు గంట దొరుకుతుందా, దొరకదా?

"రేపు చెప్పుకుందాం."

"రేపు సెలవు సార్," అన్నాడు వకీలు.

"అవునా?" అన్నారు మాస్టారు. పిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు.

*

విరామంలో తలుపు దగ్గరగా వేసి, మాస్టారు పుస్తకాన్ని కిటికీ వెలుతురులోకి జరిపారు. పేజీ పోయినచోట కుట్టు పక్కన సన్నటి అంచు మిగిలింది. వేలితో తడిమారు. నున్నగా ఉంది. పై నుంచి కిందికి స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది.

చించింది కాదు. కోసింది.

ఆయన గుండె కాస్త కుదుటపడింది. పిల్లల డబ్బాలోంచి కత్తెరలు తీసి పాత కాగితం మీద కత్తిరించి చూశారు. మొద్దు కత్తెరలు, కాగితాన్ని నమిలి వదిలేశాయి. ఇక పిడుగు సంగతి చెప్పాలా, గీత గీస్తే అది పాములా పాకుతుంది. ఇది పెద్దవాళ్ళ చేతి పని. ఓపికున్న చేతి పని.

ఎవరు? ఎందుకు?

డ్రాయింగ్ మాస్టారి దగ్గర మంచి కత్తి ఉంది. ఆయన్ని వరండాలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి అడిగారు. డ్రాయింగ్ మాస్టారు విషయం పసిగట్టి ఎగాదిగా చూశాడు. "ఏంటి మాస్టారూ, నా మీద నిఘానా? కత్తి వాడి పోయిందని పోయిన వారమే పారేశాను. మీరే కదా పక్కనుండి, పిల్లల బడిలో కత్తేంటయ్యా, పారెయ్యి అన్నారు?"

అన్నారా? అనే ఉంటారు. ఆయన తరహా మాటే. మాస్టారు తలూపి తప్పుకున్నారు. ఈ మధ్య జనం ఆయనకి ఆయన మాటలే తెచ్చి అప్పజెబుతున్నారు. ఏదీ తనది అనిపించదు, కాదనడానికీ ధైర్యం చాలదు.

ఈ బడికి వచ్చినప్పుడు ఒక ఏడాది చేసి పట్నం పోదామనుకున్నారు. అక్క కాపురం చెదిరి పెట్టెతో తిరిగొచ్చింది. అక్కని వదిలి ఎక్కడికి పోతారు? తనకొచ్చిన సంబంధాలు ఒకటి రెండు వాయిదా పడ్డాయి. తర్వాత అడిగేవాళ్ళు మానేశారు. ఆయన అడగలేదు. పై తరగతులు ఇస్తామన్నా వద్దన్నారు. పై తరగతి పిల్లలు కథ వింటూ నోరు తెరవరు. మూడో తరగతి వాళ్ళు తెరుస్తారు. ఆ తెరిచిన నోళ్ళ కోసమే ఒక కథని రోజుకింత చొప్పున కొసరి కొసరి వడ్డించడం అలవాటు చేసుకున్నారు. పిల్లలు ముందే చూసెయ్యకుండా చివరి పేజీకి బట్టల క్లిప్పులు పెట్టి బిగించడం ఆయన కనిపెట్టిన పద్ధతి. ఆయన జీవితంలో కనిపెట్టిందల్లా అదే.

క్లిప్పులు! ఇవాళ పుస్తకానికి క్లిప్పులు ఏవి?

ఆయమ్మ వరండా తుడుస్తోంది. బడిలో తుడవడం, బెల్లు కొట్టడం, టీ కాయడం అన్నీ ఆవిడే.

"ఆయమ్మా, నీ దగ్గర బ్లేడు ఉంటుంది కదా? ఎవరైనా తీసుకున్నారా?"

ఆయమ్మ చీపురు ఆపి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఎవరైనా ఏంటి బాబూ, మీరే కదా. నిన్న సాయంత్రం పట్టుకెళ్ళారు. ఇంతవరకూ ఇవ్వలేదు. నేనే అడుగుదామనుకుంటున్నా."

"నేనా?"

"మీరే. క్లిప్పు విరిగిపోయింది ఆయమ్మా, ఈ వెధవాయిలు ముందే చూసేస్తున్నారు, పేజీ తీసి దాచేస్తానన్నారు. పుస్తకం పాడవదా బాబూ అంటే, మళ్ళీ అతికిస్తాలే, అతికించినట్టు కూడా తెలీదు అన్నారు." నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది. "ఏం బాబూ, వంట్లో బాగానే ఉందా?"

మాస్టారు ఆవిడ మొహంలోకి తేరిపార చూశారు. అబద్ధం చెబుతోందా? తనే కోసి నా మీదకి నెడుతోందా? ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గేసింది. కానీ దానికంటే మేలైన ఆలోచన దొరకలేదు. ఎందుకంటే నిన్న సాయంత్రం ఆయనకి బాగానే గుర్తుంది. బెల్లు మోగింది. గొడుగు తీసుకున్నారు. ఇంటికి వెళ్ళారు. వాన పడింది.

"నిన్న వాన పడిందా ఆయమ్మా?"

"వానా? ఎండ మాడ్చేసింది కదా బాబూ."

చేతికి ఏదైనా పని కావాలి. అలవాటుగా జేబులో దువ్వెన కోసం వేళ్ళు పెట్టారు. దువ్వెన వెనకాల గట్టిగా ఏదో తగిలింది. కాగితం మడత. విప్పారు. లోపల బ్లేడు.

*

ఆఫీసుగదిలో ఫోనుంది. పెద్ద టీచర్ భోజనానికి వెళ్ళింది. మాస్టారు అక్కకి ఫోను చేశారు.

"ఏరా, డబ్బా మర్చిపోయావు. గుమ్మంలోనే ఉంది. పొద్దున రెండుసార్లు స్నానం చేసినప్పుడే అనుకున్నా, ఇవాళ నీ వాలకం బాలేదని."

"అక్కా, నిన్న నేను ఇంటికి ఏమైనా తెచ్చానా? కాగితంలాంటిది?"

"బొమ్మ కాగితమా? మేకా అదీ ఉంది, అదేనా? నా పరుపు కింద పెట్టావుగా."

మాస్టారు బల్ల అంచు పట్టుకున్నారు. "ఎందుకు పెట్టానన్నాను?"

"పిల్లలకి దొరక్కూడదన్నావు. మనింట్లో పిల్లలెక్కడున్నార్రా అని నవ్వాను. నువ్వు నవ్వలేదు." అక్క గొంతు తగ్గింది. "అప్పుడే నాకు భయమేసింది తమ్ముడూ. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే ఎప్పుడూ రేపంటావు."

"నువ్వు కొంచెం అది పట్టుకుని వస్తావా?"

"వస్తున్నా. అక్కడే కూచో. ఎటూ వెళ్ళకు."

ఫోను పెట్టేశాక ఆయన అక్కడే కూచున్నారు. దొంగ దొరికాడు. కేసు తేలిపోయింది. అక్క తెచ్చే పేజీని గుట్టుగా పుస్తకాల బీరువాలో పడేసి, ఇదిగో దొరికింది, ఎక్కడో జారింది అంటే చాలు. ఆయమ్మని మాట్లాడకమ్మా అంటే మాట్లాడదు. కానీ అంచు కోసి ఉంది. కోసిందెవరంటే పెద్ద టీచర్ చూపు మళ్ళీ మూడో వరస చివరికే పోతుంది.

నిజం చెప్తే? పేజీ సంగతి ఎవరూ పట్టించుకోరు. గుర్తులేదన్న సంగతి పట్టించుకుంటారు. గుర్తులేని మనిషికి పిల్లల్ని ఎవరు అప్పజెప్తారు? విశ్రాంతి తీసుకోండి మాస్టారూ అంటారు. మర్యాదగానే అంటారు. ఆ తర్వాత పొద్దున లేచి ఎక్కడికి వెళ్ళాలి?

గోడ గడియారం ముల్లు ఎక్కడుందో చూశారు. దాని అర్థమేంటో కాసేపటికి గానీ అందలేదు.

*

మధ్యాహ్నం తరగతి మొదలయ్యేసరికి నాన్నమ్మ గుమ్మంలో ఉంది. కళ్ళు చికిలించి ఏ పిల్ల తన పిల్లో వెతుక్కుంటోంది.

"అమ్మా, నేను ముందే చెప్పాను," అంది పెద్ద టీచర్. "పదమ్మా, నీ పుస్తకాలు సర్దుకో."

"మా పిల్ల దుడుకుదే గానీ అబద్ధాలాడదు తల్లీ," నాన్నమ్మ చేతులు జోడించింది. "ఈ ఒక్కసారికీ... నీ కాళ్ళు పట్టుకుంటా."

ఆవిడ నిజంగానే వంగబోయింది. అది చూసి పిడుగు లేచి నిలబడింది.

"నాన్నమ్మా, లే! సరే, నేనే. నేనే చించాను. చాలా?" మొహం జేవురించింది. "మొదట నాకు కోపం వచ్చింది. తర్వాత..."

తర్వాత ఏం చెప్పాలో ఆ పిల్లకి తోచలేదు. వారమంతా అందరికంటే బాగా చెప్పినది, జడ కొస నలుపుతోంది. ఇది మాత్రం ఆట కాదని బుగ్గల పిల్లకి కూడా తెలిసిపోయింది.

మాస్టారు లేచారు. పిల్లల్లాగే చెయ్యి పైకెత్తారు.

"నేను," అన్నారు. "ఆ పేజీ కోసింది నేనే."

ఆ వెంటనే తరగతి చప్పట్లతో ఊగిపోయింది.

"సార్ కూడా! సార్ కూడా ఆడుతున్నారు!"

"మాస్టారూ, పిల్లని కాపాడటానికి మీరు..." పెద్ద టీచర్ కసురుకుంది.

మాస్టారు జేబులోంచి కాగితం మడత తీసి, విప్పి బల్ల మీద పెట్టారు. బ్లేడు తళుక్కుమంది. ఆవిడ వంగి చూసింది.

"అలా కుదరదు సార్," వకీలు లేచాడు. "వరసలో చెప్పాలి. మొదట ఏం జరిగింది?"

"మొదట..." మాస్టారు ఆ మాట మీదే నిలబడిపోయారు. వాళ్ళకి ఎన్నిసార్లు చెప్పారో ఆ మాట. "మొదట..."

కళ్ళు పిల్లల మొహాల మీద వెతికాయి. ఏ మొహంలోనూ ఏమీ దొరకలేదు.

"మొదట క్లిప్పు విరిగింది," అంది ఆయమ్మ. టీ గ్లాసుతో పక్క తలుపు దగ్గర నిలబడి ఉంది. మాస్టారు పొద్దుటినుంచీ ఏమీ తినలేదని తెచ్చింది.

"తర్వాత?" తరగతి అంతా ఒక్క గొంతుతో అడిగింది.

"తర్వాత నా దగ్గర బ్లేడు తీసుకున్నారు."

"తర్వాత?"

"తర్వాత ఇంటికి తెచ్చి నా పరుపు కింద దాచాడు." అక్క వచ్చింది. ఎండలో గబగబా నడిచి రొప్పుతోంది. చంకలో చుట్టచుట్టిన పెద్ద కాగితం. "మీకు దొరక్కూడదని."

"చివరికి?" అన్నాడు వకీలు.

"చివరికి మర్చిపోయాను," అన్నారు మాస్టారు.

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పెద్ద టీచర్ చేతిలో తాళాలగుత్తి చప్పుడు ఆగింది. ఆయన్ని అప్పుడే చూసినట్టు చూసింది. ఈ మధ్య ఆయన హాజరు రెండుసార్లు వేయడం, ఒకే సెలవు రెండుసార్లు అడగడం, అన్నీ ఒక్కొక్కటే ఆవిడ కళ్ళ ముందుకి వచ్చి నిలబడ్డాయి. నెమ్మదిగా నాన్నమ్మ భుజం పట్టుకుని లేపింది.

"మీ పిల్ల ఇక్కడే ఉంటుందమ్మా. నాదే తప్పు." పిడుగు వైపు తిరిగింది. "నువ్వు నిజమే చెప్పావు. కూచో."

పిడుగు కూచోలేదు. అక్క దగ్గరికి వెళ్ళి కాగితం అందుకుంది. చేటంత పేజీని చేతులు బార్లా చాపి తనవైపు తిప్పి పట్టుకుని, దాని వెనకాల మొహం కనబడకుండానే గట్టిగా చదివింది.

"మేక ఇంటికి వచ్చింది. తన గంట దడి పక్కన గడ్డిలో పడి ఉంది. ఎవరూ తీయలేదు. తాడు అరిగిపోయింది. అంతే."

"అంతేనా?" వకీలుకి నచ్చలేదు. "దొంగ లేడా?"

"బాగుందే!" మాస్టారు ముచ్చటగా నవ్వారు. కళ్ళజోడు పైకి తోసుకుని బొమ్మలోకి వంగారు. "చాలా బాగుంది. నేననుకోనేలేదు సుమా."

ఆయన నోరు కొంచెం తెరిచి ఉంది. అచ్చం మూడో తరగతి పిల్లల్లాగే. పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"పద తమ్ముడూ," అక్క ఆయన మోచెయ్యి పట్టుకుంది. "ఇంటికెళ్దాం."

"ఇప్పుడే ఎలా అక్కా? ఇంకా బెల్లు కొట్టలేదు."

పెద్ద టీచర్ ఆయమ్మకి సైగ చేసింది. ఆయమ్మ చేతిలోని టీ బల్ల మీద పెట్టి వెళ్ళింది. మరుక్షణం బెల్లు మోగింది, సాయంత్రం మోగినట్టే, పొడుగ్గా. మిగతా తరగతుల్లోంచి పిల్లలు ఇవాళ తొందరగా వదిలేశారని కేకలు వేస్తూ పరిగెత్తారు. మూడో తరగతి వాళ్ళు మాత్రం కదల్లేదు.

"మీరిద్దరూ పోట్లాడుకోకండి," అన్నారు మాస్టారు వాళ్ళలో ఏ ఇద్దరినో ఉద్దేశించి. సుద్దముక్క జాగ్రత్తగా నల్లబల్ల అంచున పెట్టారు. అక్క చెయ్యి పట్టుకుని మెట్లు దిగారు. గేటు దగ్గర ఒకసారి ఆగి, కుడికా ఎడమకా అన్నట్టు చూశారు. అక్క ఎడమకి తిప్పింది.

కాసేపటికి ఆయమ్మ గది తుడవడానికి వచ్చింది. బల్ల మీద టీ అలాగే ఉంది, ఇంకా వెచ్చగా. తీసి పారబొయ్యబోయి, ఏమనుకుందో ఏమో, దాని మీద చిన్న పళ్ళెం మూత పెట్టి వెళ్ళింది. లోపల ఆవిరి పట్టి, గ్లాసు అంచు నుంచి ఒక్కో చుక్కా కిందికి జారుతోంది.